రహస్య అరల రాతబల్ల: నా అనుభవం

పాతకాలపు బల్లను చూపించి అచ్చం అలాంటిదే చేసిపెట్టమంటే వెంటనే ఒప్పుకుంటాను. అందులో రహస్య అరలు కూడా ఉండాలంటే మాత్రం కాస్త గడువు అడుగుతాను. మామూలు సొరుగు కొంచెం బిగుసుకుంటే గట్టిగా లాగి తెరుస్తాం. రహస్య అరకు పట్టుకుని లాగేందుకు పిడి ఉండదు. అది బిగుసుకుందంటే లోపలి కాగితాలు లోపలే ఉండిపోతాయి.

ఒక పెద్దాయన అడిగింది పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ పద్ధతిలో వాలు మూత రాతబల్ల. మూత దించితే అదే రాసుకునే పలక అవుతుంది. లోపల చిన్న సొరుగులు, కాగితాల గూళ్లు, నడుమ తలుపున్న ఒక బుల్లి గూడు, దానికి అటూ ఇటూ పల్చటి స్తంభాలు. ఉత్తరాలు, ఆస్తి పత్రాలు, నాణేలు ఇలాంటి బల్లల్లోనే పెట్టుకున్న కాలం కాబట్టి, ఆ స్తంభాల వెనక ఏదో ఒకటి దాగి ఉండటం అప్పట్లో మామూలే.

పని మొదలుపెట్టే ముందు పాత ఉద్దండుల పనితనం ఫొటోల్లో, కొలతల పటాల్లో చాలాసేపు చూశాను. జర్మనీలోని నోయ్‌వీడ్‌లో డేవిడ్ రోంట్‌గెన్ పనిశాల 1779 ప్రాంతంలో తయారుచేసిన బీరువా ఇప్పుడు బెర్లిన్ మ్యూజియంలో ఉంది. ఎత్తు మూడున్నర మీటర్ల పైమాటే. తాళంచెవి తిప్పితే తలుపులు వాటంతట అవే విచ్చుకుని, సొరుగులు ముందుకు వస్తాయి. ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ కోసం ఓబెన్ అనే పనివాడు 1760లో మొదలుపెట్టిన బల్ల, ఓబెన్ మరణించాక రీజనేర్ అనే మరో పనివాడి చేతుల మీదుగా 1769లో పూర్తయింది. అంతటి యంత్రాంగం నా తాహతుకు మించినది, నా బల్లకు అవసరమూ లేదు. వాటిలో నేను వెతికింది ఒక్కటే: కదిలే ముక్కకూ కదలని ముక్కకూ మధ్య సందును వాళ్లు ఎక్కడ పెట్టారని.

అరను దాచేది యంత్రం అనుకుంటారు చాలామంది. యంత్రం తెరవడానికే. దాచేది సందును పెట్టిన చోటు. నున్నటి పలక మధ్యలో వెంట్రుకవాసి గీత ఉన్నా కంటికి తగులుతుంది. అంచుపట్టీ కింద నీడ పడే చోట, స్తంభం మీది నిలువు గాడిలో, రెండు చెక్కలు ఎటూ కలవాల్సిన మూలలో అయితే అంతకంటే పెద్ద సందు ఉన్నా ఎవరూ పట్టించుకోరు. అందుకే గీత ఉండటం సహజమైన చోట్లన్నీ పటం మీద ముందు గుర్తు పెట్టుకుని, ఆ తర్వాతే అరలు ఎక్కడ వస్తాయో తేల్చుకున్నాను.

స్తంభాల వెనక నిలువు పెట్టెలు సులువుగానే కుదిరాయి. స్తంభమే పెట్టెకు ముందు పలక, మొత్తం కలిసి ముందుకు వస్తుంది. చెక్క నార తెగకుండా కనిపించాలని స్తంభాన్నీ దాని వెనకున్న చట్రాన్నీ ఒకే పలక నుంచి పల్చటి రంపంతో కోశాను. ఇవి తేలిగ్గా దొరికిపోయే అరలని నాకు తెలుసు, దొరకాలనే పెట్టాను. వెతికేవాడికి ఒకటి దొరికితే గెలిచానన్న ధీమా వస్తుంది, రెండోదాని కోసం అంతగా వెతకడు.

అసలు అర నడిమి గూటి వెనక ఉంది. ఆ గూడు తలుపుతో సహా ఒక విడి పెట్టె, మొత్తంగా ముందుకు జారి బయటికి వస్తుంది. దాన్ని పట్టి ఉంచేది ఒక చెక్క స్ప్రింగు. యాష్ అనే చెట్టు చెక్కలో నార తిన్నగా సాగిన బద్దను చిత్రిక పట్టి పల్చబరిచాను. ఒక కొసను పెట్టె పైభాగానికి అతికించాను. రెండో కొస కొద్దిగా పైకి లేచి, బల్ల చట్రంలోని మెట్టుకు ఆనుకుని ఉంటుంది. తెరవాలంటే పక్కనున్న చిన్న సొరుగును పూర్తిగా బయటికి తీసి, ఆ ఖాళీలో చెయ్యి దూర్చి, పైకి వంచిన వేలితో బద్ద కొసను కిందికి నొక్కాలి. కొస మెట్టు దిగగానే పెట్టె కదులుతుంది.

బద్ద మందం దగ్గరే చాలాసేపు కూర్చున్నాను. మందంగా ఉంటే వేలికి లొంగదు, మరీ పల్చనైతే పెట్టెను ఆపలేదు. ఒక్కో పొర తీయడం, వేలితో నొక్కి చూడటం, మళ్లీ తీయడం. ఇందులో గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. చెక్కను వంచి ఏళ్ల తరబడి అలాగే ఉంచితే ఆ వంపుకే అలవాటు పడి బిగువు కోల్పోతుంది. కాబట్టి మూసి ఉన్నప్పుడు బద్ద దాదాపు సహజ స్థితిలో ఉండాలి, తెరిచే క్షణంలోనే వంగాలి. మెట్టు ఎత్తును దానికి తగ్గట్టు సరిచేశాను.

మూడో అర అడుగు అంచుపట్టీ వెనక పల్చటి సొరుగు. దీనికి ఉక్కు స్ప్రింగు పెట్టాను. ఉక్కు పట్టీని అయస్కాంతం అంటుకోనంత ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గాజులా పెళుసవుతుంది. దాన్ని మళ్లీ మెరిసేలా రుద్ది, నీలం రంగు తేలేదాకా, అంటే దాదాపు 300 డిగ్రీల వరకు మెల్లగా వేడిచేస్తే స్ప్రింగు గుణం వస్తుంది. చవక చెక్కతో చేసిన నమూనాలో గడియ వదలగానే సొరుగు ఒక్క దూకు దూకింది. పక్కన తోలు పట్టీ అతికించి ఒరిపిడి పెంచాక మర్యాదగా జారడం నేర్చుకుంది. గడియ ‘టక్’మనే చప్పుడునూ తోలే మింగేసింది. మరలు ఇత్తడివే వాడాను. లోపలి చట్రం ఓక్ చెక్క, అందులోని టానిన్ అనే వగరు పదార్థానికి తేమలో ఇనుము తగిలితే నల్ల మరకలు పడతాయి. కదిలే చోట నూనె పోయలేదు, మైనం రుద్దాను. నూనె దుమ్మును పట్టి కొన్నాళ్లకు బంకగా మారుతుంది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ సతాయించింది గాలిలోని తేమ. చెక్క నార పొడవునా దాదాపు కదలదు, నారకు అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. అడుగు వెడల్పు పలక పొడి కాలానికీ తడి కాలానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు మారవచ్చు. వెంట్రుకవాసి సందు పెట్టి కూర్చుంటే అది ఏ కాలంలోనో పూర్తిగా మూసుకుపోతుంది. అందుకని కదిలే ముక్కలన్నిటినీ సన్నగా ఉంచి, వాటికి దుంగను నడిబొడ్డు మీదుగా కోసిన పలకలు వాడాను. అవి మామూలు కోత పలకల కదలికలో సుమారు సగమే కదులుతాయి. తేమ ఎక్కువున్న రోజుల్లో అరలను బిగించి, పొడి రోజులు వచ్చాక మళ్లీ తీసి చూశాను. రెండింటిలోనూ వేలికి ఒకేలా లొంగాకే అతుకులు జిగురుతో ఖాయం చేశాను. జిగురు కూడా పాత పద్ధతిలో జంతుచర్మం నుంచి తీసిందే. నీళ్లలో నానబెట్టి, 60 డిగ్రీల దగ్గర కాచి వాడాలి. వేడి, తేమ తగిలితే మళ్లీ విడుతుంది కాబట్టి రేపు మరమ్మతు చేసేవాళ్లు చెక్కను చీల్చనక్కర్లేదు.

పాలిష్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. లక్కతో పల్చటి పూతలు, పైన మైనం, అంతే. పాతగా కనిపించాలని పురుగు తొలిచినట్టు రంధ్రాలు వేయడం, గొలుసుతో కొట్టి సొట్టలు పెట్టడం నాకు నచ్చదు. ఒక పెద్ద సొరుగు అడుగున నా పేరు, సంవత్సరం ఉలితో చెక్కాను. పాత బల్లను చూసి చేసింది ఏదో ఒక రోజు అసలు పాతదిగా చెలామణీ కావడం నాకు ఇష్టం లేదు.

పెద్దాయన వచ్చినప్పుడు చెప్పకుండానే వెతుకుతానన్నారు. వేళ్లతో తట్టి డొల్ల చప్పుడు విన్నారు. స్తంభాలు నిమిషాల్లో దొరికాయి. తర్వాత కొలబద్ద తీసి సొరుగు లోతునూ బల్ల లోతునూ పోల్చారు. రహస్య అరలను పట్టేందుకు ఇంతకు మించిన ఉపాయం లేదు. అందుకే నేను లోపలి చిన్న సొరుగులన్నిటినీ ఒకే పొట్టి లోతుతో చేసి, వెనక పలకకు మందమైన చట్రం వేశాను.

“చట్రమే ఇంత మందం తినేసిందా!” అన్నారు.

“పాతవాళ్లు దిట్టంగా కట్టేవారండీ” అన్నాను. అబద్ధమేమీ కాదు.

చివరికి నేనే చూపించాను. తెరిచే పద్ధతి కాగితం మీద రాసిచ్చి, దాన్ని ఈ బల్లలో మాత్రం పెట్టవద్దని చెప్పాను. వెనక పలకకు జిగురు పెట్టలేదనీ, మరలు విప్పితే మొత్తం ఊడివస్తుందనీ కూడా చూపించాను. ఏ స్ప్రింగైనా విరిగితే దారి అదే. ఆయన మరల వంక చూసి, “మరి దొంగకూ ఇదే దారి కదా?” అన్నారు. బల్లను గోడకు ఆనించి పెట్టుకోమన్నాను.