రెండో శనివారం, వందమంది ప్రియురాళ్ళు

కాలేజీకి సెలవు. బయట ముసురు పట్టింది. బట్టలు ఎలాగూ ఆరవు కాబట్టి ఉతికే పని రేపటికి పోయింది. అమ్మ గోంగూర కట్టలు ముందేసుకుని హాల్లో కింద కూర్చుంది. నేను ఇంటర్నల్ పరీక్ష పేపర్లు ఒళ్ళో పెట్టుకుని దివాన్ మీద చేరాను. టీవీ మాత్రం మా తమ్ముడి చేతిలో ఉంది. వాడు బాబాయి కొడుకు. ఇంజినీరింగ్ అయిపోయింది, ఇంటర్వ్యూల కోసం మా ఇంట్లో ఉంటున్నాడు. ఇంటర్వ్యూలు లేని రోజుల్లో జపాన్‌లో ఉంటాడు.

"అక్కా, ఇది చూడు. నీకు నచ్చుద్ది. ఒక్క అబ్బాయి చుట్టూ బోలెడుమంది అమ్మాయిలు తిరిగే 'హారెమ్' జానర్ మీద జోకు" అన్నాడు.

పేరే ఒక మూర. తెలుగులో చెప్పాలంటే 'నిన్ను చాలా చాలా చాలా చాలా చాలా ప్రేమించే వందమంది ప్రియురాళ్ళు' అని వస్తుంది. అసలు పేరులో నిజంగానే ఐదుసార్లు నొక్కి చెప్పారు. రికిటో నకమురా కథ రాస్తే యుకికో నొజావా బొమ్మలు వేసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, ఇది. 2019 డిసెంబర్‌లో 'వీక్లీ యంగ్ జంప్' పత్రికలో మొదలైంది. దాన్నే టీవీకి కార్టూన్ సిరీస్‌గా తీసిన యానిమే 2023 అక్టోబర్‌లో వచ్చింది, రెండో సీజన్ 2025 జనవరిలో. ఈ వివరాలన్నీ నేను అడక్కుండానే వాడే అప్పజెప్పాడు. జీకే మాత్రం అడిగితే తడుముకుంటాడు.

కథ ఇది. రెంటారో ఐజో అనే అబ్బాయి మిడిల్ స్కూల్ ముగిసేసరికి సరిగ్గా వందమంది అమ్మాయిలకు మనసులో మాట చెప్పి, వందమంది చేతా కాదనిపించుకున్నాడు. ఏడుపు మొహంతో గుడికి వెళ్ళి మొక్కుకుంటే ప్రేమ దేవుడు ప్రత్యక్షమవుతాడు. హైస్కూల్లో నీకు రాసిపెట్టి ఉన్నవాళ్ళు కనిపిస్తారు, వందమంది అంటాడు. మామూలుగా మనిషికి ఒకరుంటే ఎక్కువట. మరి వీడికి వంద ఎలా వచ్చింది? దేవుడు టీవీలో సినిమా చూస్తూ పరధ్యానంలో ఒకటికి బదులు వంద అని రాసేశాడు. అంతే, తప్పు దిద్దే పద్ధతి లేదు. ఇక్కడ నేను గట్టిగా నవ్వాను. ఆఫీసుల్లో పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే దిద్దించుకోవడానికి తిరిగిన ఎవరికైనా ఈ దేవుడు బాగా తెలిసినవాడే.

ఇందులో ఒక మెలిక ఉంది. రాసిపెట్టి ఉన్న అమ్మాయి రెంటారోని చూశాక, ఇద్దరి కళ్ళూ కలిశాక, వాళ్ళ ప్రేమ ఫలించకపోతే ఆ అమ్మాయికి ఒకదాని తర్వాత ఒకటి ఆపదలొచ్చి చచ్చిపోతుంది. ఆ కబురు తెలిసే సమయానికి ఇద్దరు అమ్మాయిలు, హకారి, కరానె, ఒకే రోజు వాడితో మనసులో మాట చెప్పి ఉంటారు. ఎవరినీ కాదనడానికి లేదు. వాడు ఇద్దరినీ ఒకచోట నిలబెట్టి, ఇద్దరితోనూ ఉంటానని మొహం మీదే చెప్పేస్తాడు.

అమ్మ కట్ట విప్పుతూ విప్పుతూ ఆగింది. "వందమందా? గాంధారి కాపరం లాగుందే" అంది. "ఆ పిల్లాడికి చదువూ సంధ్యా ఉండవా?"

"అది హైస్కూలే పెద్దమ్మా" అన్నాడు వీడు, అదే జవాబన్నట్టు.

నాకు ఈ తరహా కథలు పూర్తిగా కొత్త కాదు. పీజీ రోజుల్లో హాస్టల్లో పక్క గది అమ్మాయి 'లవ్ హీనా' చూపించింది. టోక్యో యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష పదే పదే తప్పే ఒక కుర్రాడు అమ్మాయిల హాస్టల్‌కి మేనేజర్ అవుతాడు. ఇంక చెప్పేదేముంది, జారి పడటాలు, తలుపు తప్పు తీయడాలు, దెబ్బలు తినడాలు. ఇంకా వెనక్కి పోతే రుమికో తకహాషి 1978లో మొదలుపెట్టిన 'ఉరుసెయ్ యత్సురా' అనే మాంగా ఉంది. దాని తర్వాత ఈ నలభై పైచిలుకు ఏళ్ళలో మూస గట్టిపడిపోయింది. వేడినీటి బుగ్గల దగ్గరికి ఒక ఎపిసోడ్ వెళ్ళాలి. సముద్రం ఒడ్డుకి ఇంకో ఎపిసోడ్. చిన్నప్పుడు ఎవరో ఎవరికో ఇచ్చిన మాట ఒకటి ఉండాలి. అమ్మాయి ఎంతో ధైర్యం చేసి మనసులో మాట చెప్పే సెకనులో రైలైనా వెళ్ళాలి, గాలైనా వీయాలి, హీరో "ఏమన్నావ్?" అనాలి.

ఆ 'ఏమన్నావ్' లేకపోతే ఈ జానర్ లేదు. హీరో ఎవరినీ ఎంచుకోడు. ఎంచుకుంటే కథ అయిపోతుంది కాబట్టి ఎంచుకోకుండా వంద ఎపిసోడ్లు నెట్టుకొస్తాడు. దాన్నే మంచితనం అని మనకి అమ్ముతారు. నాకు ఆ హీరోల మీద ఉన్న చిరాకంతా దీని గురించే. అమ్మాయిలు నలుగురైదుగురు వాడి కోసం వయసు పాడుచేసుకుంటుంటే వీడు బుర్ర గోక్కుంటూ ఉంటాడు.

ఈ వందమంది కథ కొట్టింది సరిగ్గా ఆ చోటే. చెవుడు తీసేసింది. రెంటారో అన్నీ వింటాడు, అడిగిందానికి సూటిగా జవాబిస్తాడు, దేనికీ నసగడు. ఎంచుకోకపోవడమే ఇక్కడ కూడా, కాకపోతే ఎంచుకుంటే మిగతావాళ్ళు చస్తారు కాబట్టి ఎంచుకోడు. మూసలో సోమరితనంగా ఉన్నది ఇక్కడ చాకిరీ అయిపోయింది. వాడు రోజంతా పరిగెడుతూనే ఉంటాడు.

తమ్ముడు ఇంకో సంగతి చెప్పాడు. దీన్ని తీసిన బిబురీ స్టూడియోనే, ఒకే కాన్పులో పుట్టిన ఐదుగురు అక్కచెల్లెళ్ళలో పెళ్ళికూతురు ఎవరు అని ఏళ్ళ తరబడి జనాన్ని ఊరించిన 'క్వింటెసెన్షియల్ క్వింటుప్లెట్స్' రెండో సీజన్, ఆ తర్వాతి సినిమా కూడా తీసిందట. ఎవరు, ఎవరు అని ఊరించినవాళ్ళే ఆ తర్వాత 'అందరూ' అని నవ్వారన్నమాట. మూస కొలతలన్నీ చేతికి అలవాటైనవాళ్ళు కాబట్టే ఎక్కడ నొక్కితే నవ్వొస్తుందో వాళ్ళకి తెలుసు.

పేపర్లు కాసేపు దిద్దాను. ఒకడు 'ప్రబంధం' అని రాయమంటే 'సంబంధం' అని రాసి, ఆ తర్వాత పేజీ అంతా అదే నిజమన్నట్టు నడిపించాడు. ఒక మార్కు వేశాను, నిలకడకి.

మధ్యాహ్నం అన్నాలయ్యాక షిజుకా వచ్చింది. ఈ పిల్ల లైబ్రరీలో ఉంటుంది, నోరు తెరిచి మాట్లాడలేదు. చేతిలో ఉన్న పుస్తకంలో తను చెప్పాలనుకున్న మాట ఎక్కడుందో వెతికి, ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపిస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళకి అంత ఓపిక ఉండదు. రెంటారో ఏం చేశాడంటే, ఆ అమ్మాయికి ప్రాణమైన ఆ పుస్తకం మొత్తాన్ని రాత్రంతా కూర్చుని ఫోన్‌లోకి టైపు చేశాడు. ఇప్పుడు తను వాక్యం ఎంచుకుంటే ఫోన్ దాన్ని పైకి చదువుతుంది. పిల్లకి గొంతు వచ్చింది.

అమ్మకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ అందవు, నేనే పక్కనుంచి చెప్తున్నాను. ఇక్కడ చెప్పడం ఆపేశాను. ఎందుకంటే అమ్మకి అర్థమైపోయింది. "రాత్రంతా కొట్టాడా?" అని మాత్రం అడిగింది. గోంగూర ఎప్పుడో అయిపోయింది, అయినా లోపలికి వెళ్ళలేదు.

వెక్కిరింపు కథలో ఇలాంటి చోటు రాగానే నేను అనుమానంగా చూస్తాను. ఇప్పుడు దీని మీద కూడా ఏదో జోకు పేలుస్తారు, మన కళ్ళలో నీళ్ళని చూసి నవ్వుతారు అని. పేల్చలేదు. తర్వాతి సీను మళ్ళీ కోతి చేష్టలే అనుకోండి, కానీ ఆ సీనుని మాత్రం ముట్టుకోలేదు.

అమ్మ ఉన్నట్టుండి చంద్రుడి కథ ఎత్తుకుంది. దక్షుడు ఇరవై ఏడుగురు కూతుళ్ళనిచ్చి పెళ్ళి చేస్తే చంద్రుడు రోహిణి ఇల్లు తప్ప ఇంకో గడప తొక్కలేదు. మిగతా కూతుళ్ళు వెళ్ళి తండ్రితో మొరపెట్టుకున్నారు. మామగారు ఇచ్చిన శాపానికి క్షయ పట్టుకుంది, ఇప్పటికీ నెలకోసారి తరుగుతూ పెరుగుతూ ఉన్నాడు. "మన దగ్గర పక్షపాతం చూపించినవాడికే రోగం వచ్చింది. వీళ్ళ దగ్గర ఆడపిల్లలు పోతారేంటి? దేవుడు రాసిన తప్పుకి వాళ్ళకా శిక్ష?" అంది.

తమ్ముడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. అది అచ్చంగా ఈ కథకున్న చిల్లు. దేవుడు తప్పు రాశాడు, హీరో పుణ్యం మూటగట్టుకుంటున్నాడు, ప్రాణం మాత్రం అమ్మాయిలది. పైగా ఆ సంగతి వాళ్ళకి చెప్పడు కూడా. కామెడీ కాబట్టి జారిపోతాం గానీ, అమ్మలాంటివాళ్ళ కాలు అక్కడే పడుతుంది.

కృష్ణుడి మాట నేనే తీశాను. నారదుడికి అనుమానమొచ్చి ద్వారకలో ఇల్లిల్లూ తిరిగి చూస్తాడు కదా భాగవతంలో. ఒక ఇంట్లో పాచికలాడుతూ ఉంటాడు, ఇంకో ఇంట్లో పిల్లల్ని ఆడిస్తూ ఉంటాడు, ఏ ఇంటికెళ్ళినా ఉంటాడు. దేవుడికి అది పెద్ద పని కాదు. రెంటారోకి ఉన్నవి రెండు కాళ్ళే. హాస్యమంతా ఆ తేడాలోనే ఉంది.

ఎంఏలో అలంకారశాస్త్రం చదివినప్పుడు నాయకుల్ని నాలుగు రకాలుగా చెప్పారు. ఒక్కరినే అంటిపెట్టుకున్నవాడు అనుకూలుడు. చాటుగా మోసం చేసేవాడు శఠుడు. తప్పు చేసి కూడా సిగ్గులేకుండా తిరిగేవాడు ధృష్టుడు. అనేకమందిని సమానంగా ప్రేమించేవాడు దక్షిణుడు. దక్షిణ నాయకుడు అనేవాడు కావ్యాల్లోనే ఉంటాడు, బయట దొరికేవాళ్ళంతా ఆ పేరు పెట్టుకున్న శఠులే అని మా మేడమ్ అనేవారు. రెంటారోని చూస్తే ఆవిడ ఏమనేవారో. వీడు లక్షణానికి అక్షరం పొల్లు పోకుండా సరిపోతాడు. ఎంత సరిపోతాడంటే, మనిషిలాగా అనిపించడు. అదీ వాళ్ళు కావాలని చేసిందే.

అమ్మాయిల సంగతీ అంతే. కరానె లాంటి పాత్రని జపాన్ వాళ్ళు 'సుందెరె' అంటారు. లోపల ప్రేమ, బయటకి కస్సుబుస్సు. "నీ కోసమేం తేలేదు, మిగిలితే తెచ్చా" అంటుంది. తమ్ముడు ఇది వాళ్ళ ప్రత్యేకత అన్నట్టు వివరిస్తుంటే నవ్వాపుకోలేకపోయాను. కూచిపూడి వేదిక మీద జడ విసురుకుంటూ వచ్చిన సత్యభామని వీడెప్పుడూ చూడలేదు పాపం. నానో అనే అమ్మాయి ఏ పనైనా టైము కలిసొస్తుందా లేదా అనే లెక్క తప్ప మాట్లాడదు. కుసురి అనే ఇంకో అమ్మాయి మందులు తయారుచేస్తుంది, వాటితో ప్రతిసారీ ఏదో ఒక గొడవ. ఒక్కొక్కరికీ ఒక్కటే గుణం, అదీ పది రెట్లు పెంచి. ఈ మూసలో పాత్రలన్నీ ఇలాగే ఉంటాయి, వీళ్ళు ఆ కుట్లు మనకి కనపడేలా వదిలేశారు. పాత్రలు కూడా తాము మాంగాలో ఉన్నామని తెలిసినట్టే మాట్లాడుకుంటాయి.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆ అమ్మాయిలు ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పట్టుకోరు. మొదటి ఇద్దరూ కాసేపు పోటీ పడతారు గానీ, తర్వాత వాళ్ళ మధ్య స్నేహమే వాడి ప్రేమ కంటే నమ్మబుద్ధి వేస్తుంది. కొత్త అమ్మాయి వస్తే పాతవాళ్ళు పక్కకి జరిగి చోటిస్తారు. మన సినిమాల్లో ఇద్దరు హీరోయిన్లుంటే రెండో ఆమెని చంపడమో, విదేశాలకి పంపడమో, త్యాగం చేయించడమో చేసి లెక్క సరిచేస్తారు కదా. ఇక్కడ ఎవరినీ తీసేయరు. కూడికలే.

ఇబ్బంది లేదా అంటే ఉంది. ఈ జానర్‌కి బూతు జోకులు వదలవు. వెక్కిరిస్తున్నాం అని చెప్పి అవే జోకులు ఇంకో రెండు ఎక్కువ వేస్తారు. పెద్దవాళ్ళ పాత్రలైతే నాకేం పట్టింపు లేదు, వీళ్ళు బడి పిల్లలు. రోజూ ఆ వయసు పిల్లలకి పాఠం చెప్పేదాన్ని, నాకు అది నవ్వులాగా దిగదు. అలాంటి చోట తమ్ముడు తనంతట తనే గబగబా ముందుకి జరిపాడు. అమ్మ ఉందని వాడి బాధ. కారణం ఏదైతేనేం, రిమోట్ బాగా పనిచేసింది. ముఖం మీద వెక్కిరింపు ముసుగేసుకుంటే అన్నీ చెల్లిపోతాయనుకోవడం వాళ్ళ తెలివే, నేను మాత్రం చెల్లనివ్వను. వాడితో అదే అన్నాను. "నిజమే అక్కా" అన్నాడు, కాస్త ముఖం మాడ్చుకుని.

సాయంత్రం మొదటి సీజన్ చివరికొచ్చాం. హకారి వాళ్ళమ్మ ఈ వ్యవహారం ఒప్పుకోదు, కూతుర్ని ఇంట్లో కట్టడి చేస్తుంది. రెంటారో మిగతా అమ్మాయిల్ని వెంటేసుకుని, ఆ భవంతిలోకి చొరబడతాడు. మామూలు కథలో తల్లి చివర్లో కరిగి దీవిస్తుంది. ఇక్కడ తల్లి ఎదురుపడుతుంది, కళ్ళు కలుస్తాయి, ఒంట్లో కరెంటు పాకుతుంది. ఆవిడ కూడా ఆ వందలో ఒకరు.

అమ్మ చేతిలో టీ గ్లాసు ఉంది. ఏదో అంటుందని తమ్ముడు కుషన్ అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ ఏమీ అనలేదు చాలాసేపు. తర్వాత, చాలా గంభీరంగా, "అయితే ఆ పిల్లకి అత్తగారి పోరు ఉండదు, అమ్మ పోరే ఉంటుంది" అంది.

తర్వాత తల్లి ఏకంగా వాళ్ళ స్కూలు బోర్డు చైర్‌పర్సన్ అయిపోతుందని తమ్ముడు చెప్తే, అది కూడా అమ్మకి సమంజసంగానే తోచింది. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తుంది మరి" అంది.

పేపర్లు సగం మిగిలాయి, రేపు చూడాలి. తమ్ముడికి మంగళవారం ఇంటర్వ్యూ ఉంది, చదువుకో అని గదిలోకి తరిమాను. రాత్రి గోంగూర పచ్చడి నూరుతూ అమ్మ వంటింట్లోంచి కేకేసింది, రెండో సీజన్ పెట్టేముందు తనకి చెప్పాలట, పుస్తకం పిల్ల మళ్ళీ వస్తే చూడాలట, మధ్యలో వాడు జరిపేస్తున్నవి ఏమిటో కూడా చెప్పాలట. మొదటి రెండింటికీ సరేనన్నాను.