బరువు తగ్గించే ఇంజెక్షన్లు: కాంపౌండింగ్ వయల్ ధర, కంపెనీ పెన్ను ధర

డాలస్ శివారులోని ఒక చిన్న స్వతంత్ర ఫార్మసీలో నేను ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఇక్కడి తెలుగు కుటుంబాలు కొన్నేళ్లుగా నన్ను అన్నిటికంటే ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉంది: "అన్నా, ఆన్‌లైన్‌లో నెలకు రెండు వందల డాలర్లకు వచ్చే సెమాగ్లుటైడ్, మీ దగ్గర పదమూడు వందలు చెప్పే వెగోవీ, రెండూ ఒకటే మందు కదా, మరి ఇంత తేడా ఎందుకు?" కౌంటర్ దగ్గర వెనుక వరుసలో నలుగురు నిలబడి ఉండగా దీనికి సరైన జవాబు చెప్పడం కుదరదు. అందుకే తీరికగా ఇక్కడ రాస్తున్నాను. ఆ ఆన్‌లైన్ మందు కాంపౌండింగ్ ఫార్మసీ విడిగా కలిపి వయల్‌లో, అంటే చిన్న సీసాలో, నింపి ఇచ్చేది; వెగోవీ కంపెనీ మోతాదు నింపి పంపే ఇంజెక్షన్ పెన్ను.

ముందుగా కంపెనీ ధర సంగతి చూద్దాం. డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్ తయారుచేసే సెమాగ్లుటైడ్‌ను మధుమేహానికి ఓజెంపిక్ పేరుతో 2017 డిసెంబరులోను, బరువు తగ్గడానికి వెగోవీ పేరుతో 2021 జూన్‌లోను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది. ఇండియానాపొలిస్‌లోని ఎలై లిల్లీ తయారుచేసే ఇదే తరహా మందు టిర్జెపటైడ్ 2022 మేలో మధుమేహానికి మౌంజారోగా, 2023 నవంబరులో బరువు తగ్గడానికి జెప్‌బౌండ్‌గా వచ్చింది. వెగోవీకి నెలకు సుమారు 1,350 డాలర్లు, జెప్‌బౌండ్‌కు సుమారు 1,060 డాలర్లు అని కంపెనీలు ప్రకటించాయి. ఈ మందులకు ఇన్సూరెన్సు కవరేజీ ఉన్నవారిలో చాలామంది ఈ ప్రకటిత ధరను పూర్తిగా చెల్లించరు, ఎందుకంటే ఇన్సూరెన్సు తరఫున మందుల వ్యవహారం చూసే పీబీఎం సంస్థలు కంపెనీల నుంచి పెద్ద మొత్తంలో రిబేటు రాబట్టుకుంటాయి. పూర్తి భారం పడేది ప్రధానంగా పాలసీలో బరువు మందులకు చోటు లేనివారి మీదనే. చాలా కంపెనీల ఉద్యోగి పాలసీలు ఈ మందులను మినహాయించాయి. బరువు తగ్గడం కోసమే వాడే మందులకు డబ్బు చెల్లించకూడదని 2003 నాటి చట్టం వృద్ధుల ప్రభుత్వ ఇన్సూరెన్సు అయిన మెడికేర్‌ను కట్టడి చేసింది. కవరేజీ ఉన్నవారికి కూడా నిశ్చింత లేదు: 2025 జూలై 1 నుంచి పీబీఎం సంస్థ సీవీఎస్ కేర్‌మార్క్ కవరేజీ ఇచ్చే మందుల ప్రధాన జాబితా నుంచి జెప్‌బౌండ్‌ను తీసివేసి వెగోవీకి ప్రాధాన్యం ఇవ్వడంతో, ఒక మందు ఒంటికి పట్టినవారు మరొకదానికి మారవలసి వచ్చింది.

మందు ఇంత ఖరీదైనది కాబట్టి ఫార్మసీ బాగా సంపాదిస్తోందని అనుకునేవారు చాలామంది ఉన్నారు. నిజానికి ఈ పెన్నుల మీద మాలాంటి చిన్న ఫార్మసీలకు మిగిలేది దాదాపు శూన్యం. టోకు వ్యాపారి దగ్గర మేము దాదాపు ప్రకటిత ధరకే కొంటాము, పీబీఎం తిరిగి ఇచ్చేది ఒక్కోసారి మేము కొన్న ధరకంటే తక్కువగా ఉంటుంది, ఆ డబ్బు చేతికి రావడానికి వారాలు పడుతుంది. ఈలోగా వేల డాలర్ల సరుకు ఫ్రిజ్‌లో కూర్చుంటుంది. అందువల్ల ఈ మందులను తెప్పించడమే మానుకున్న స్వతంత్ర ఫార్మసీలు ఉన్నాయి. "మా దగ్గర స్టాక్ లేదు" అన్న మాట విన్నప్పుడు అది ప్రతిసారీ దేశవ్యాప్త కొరత కాదని, నష్టానికి అమ్మలేని దుకాణదారు మర్యాదగా చెప్పే మాట కూడా కావచ్చని నా పాఠకులు గ్రహించాలి.

ఇప్పుడు కాంపౌండింగ్ విషయానికి వద్దాం. ఒక రోగికి కంపెనీ తయారీ సరిపడనప్పుడు, ఉదాహరణకు అందులోని ఏదో ఒక పదార్థం అతనికి పడనప్పుడు, డాక్టరు ప్రిస్క్రిప్షన్ ప్రకారం ఫార్మసిస్టు ఆ మందును ప్రత్యేకంగా కలిపి ఇవ్వవచ్చు. ఇది ఫార్మసీ వృత్తిలో పాత సంప్రదాయమే. అయితే 2012లో మసాచుసెట్స్‌లోని న్యూ ఇంగ్లండ్ కాంపౌండింగ్ సెంటర్ నుంచి వెళ్లిన ఇంజెక్షన్లలో ఫంగస్ చేరి, వెన్నులో ఆ మందు ఎక్కించుకున్నవారికి మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము పొరల వాపు) సోకి, అరవైమందికి పైగా మరణించారు. ఆ మరుసటి సంవత్సరమే అమెరికా కాంగ్రెస్ కొత్త చట్టం చేసింది. దాని ప్రకారం, ఒక్కొక్క రోగి పేరు మీద కలిపే 503ఏ ఫార్మసీలు ప్రధానంగా రాష్ట్ర ఫార్మసీ బోర్డుల పర్యవేక్షణలో ఉంటాయి, పెద్ద మొత్తంలో తయారుచేసే 503బీ కేంద్రాలు ఎఫ్‌డీఏ దగ్గర నమోదు చేసుకుని దాని తనిఖీలకు లోబడి ఉంటాయి. రెండింటికీ ఉమ్మడి నియమం ఒకటి ఉంది: మార్కెట్లో దొరుకుతున్న ఆమోదిత మందుకు నకలు తయారుచేయకూడదు. కానీ ఆ మందు ఎఫ్‌డీఏ కొరత జాబితాలో ఉన్నంతకాలం ఆ అడ్డు తొలగిపోతుంది.

రెండు వందల డాలర్ల సెమాగ్లుటైడ్ ఈ ఒక్క వెసులుబాటు మీదనే నిలబడింది. 2022లో గిరాకీ కంపెనీల అంచనాలను దాటిపోయి, సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ రెండూ కొరత జాబితాకెక్కాయి. ఆ సందులోంచి కాంపౌండింగ్ ఫార్మసీలు, వాటి ముందు వరుసలో వీడియో కాల్ మీద ప్రిస్క్రిప్షన్ రాసిచ్చే టెలిహెల్త్ సంస్థలు దూసుకువచ్చాయి. అలాంటి టెలిహెల్త్ సంస్థల్లో ఒకటైన హిమ్స్ అండ్ హర్స్ 2024 మేలో నెలకు 199 డాలర్లకు కాంపౌండెడ్ సెమాగ్లుటైడ్ ప్రకటించినప్పుడు ఆ అంకె నోటినోటా పాకింది. పరిశోధన ఖర్చు లేదు, వేలమంది మీద ప్రయోగాల ఖర్చు లేదు, ఆమోదం కోసం పత్రాల ఖర్చు లేదు. పొడి రూపంలో ముడి మందు కొని, శుభ్రమైన గదిలో నీటిలో కలిపి వయల్‌లో నింపితే సరిపోతుంది. చవకకు కారణం అంతకుమించి ఏమీ లేదు. దీన్ని జెనరిక్ అని పిలవడం కూడా సరికాదు, ఎందుకంటే జెనరిక్ మందును ఎఫ్‌డీఏ పరీక్షించి ఆమోదిస్తుంది, కాంపౌండెడ్ మందును అమ్మకానికి ముందు ఎవరూ అలా పరీక్షించరు.

టిర్జెపటైడ్ కొరత తీరిందని ఎఫ్‌డీఏ 2024 అక్టోబరులో ప్రకటించి, వ్యాజ్యం తలెత్తడంతో పునఃపరిశీలించి, డిసెంబరులో అదే మాట ఖరారు చేసింది. సెమాగ్లుటైడ్ కొరత ముగిసినట్లు 2025 ఫిబ్రవరి 21న ప్రకటించింది. కాంపౌండింగ్ ఫార్మసీలు సర్దుకోవడానికి ఇచ్చిన గడువులు టిర్జెపటైడ్‌కు మార్చి నాటికి, సెమాగ్లుటైడ్‌కు మే 22 నాటికి అయిపోయాయి. కాంపౌండింగ్ సంస్థల సంఘం టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్ కోర్టుకు వెళ్లినా ఆ గడువులు ఆగలేదు. అయినా ఇప్పటికీ ఆన్‌లైన్‌లో కాంపౌండెడ్ వయళ్లు దొరుకుతూనే ఉన్నాయి. విటమిన్ బీ12 కలిపామని, కంపెనీ పెన్నులో లేని మధ్యస్థ మోతాదు ఇస్తున్నామని, కాబట్టి ఇది నకలు కాదని వాటి వాదన. నిజంగా అవసరమైన రోగికి ఆ మార్పు డాక్టరు రాసి ఇచ్చినప్పుడు అది చట్టసమ్మతమే. కానీ ప్రశ్నావళి నింపిన ప్రతి ఒక్కరికీ అదే బీ12 మిశ్రమం అవసరమని తేలడం చూస్తే, వైద్యం కంటే న్యాయవాది సలహాయే అందులో ఎక్కువగా ఉందని నాకు అనిపిస్తుంది.

ధర పోల్చేటప్పుడు నెలకు ఎంత అని కాకుండా మిల్లీగ్రాముకు ఎంత అని లెక్క వేయాలని నేను అందరికీ చెబుతాను. సెమాగ్లుటైడ్ వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలై, క్రమంగా 2.4 వరకు పెరుగుతుంది. అంటే మొదటి నెలలో ఒంటికి ఎక్కేది ఒక మిల్లీగ్రాము, పూర్తి మోతాదుకు చేరిన నెలలో 9.6 మిల్లీగ్రాములు. 199 డాలర్లు మొదటి నెలలో ఒకే ఒక మిల్లీగ్రాముకు కడుతున్న ధర. ఆ అంకెను ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసి, మోతాదు పెరిగేకొద్దీ ధర పెంచే అమ్మకందార్లు ఉన్నారు. మూడు నెలలకో ఆరు నెలలకో ముందుగా చెల్లిస్తేనే ఆ ధర వర్తిస్తుందని చివర్లో చెప్పేవారూ ఉన్నారు. మధ్యలో కడుపులో తిప్పి మందు ఆపేసిన మనిషికి ముందు కట్టిన డబ్బు తిరిగి వస్తుందో లేదో ఆ పేజీలో చాలా కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ధర కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వయల్‌తో వచ్చే సిరంజి. కంపెనీ పెన్ను నొక్కితే నిర్ణీత మోతాదు దానంతట అదే వెళుతుంది. కాంపౌండెడ్ వయల్‌లోంచి ఇన్సులిన్ సిరంజితో మనమే లాగుకోవాలి. ఆ సిరంజి మీద ఉండేవి యూనిట్లు, ప్రిస్క్రిప్షన్‌లో ఉండేవి మిల్లీగ్రాములు, వయల్ మీద ఉండేది ఒక మిల్లీలీటరులో ఎంత మందు ఉందన్న గాఢత. ఒక మిల్లీలీటరు అంటే వంద యూనిట్లు. గాఢత 2.5 మిల్లీగ్రాములైతే 0.25 మోతాదుకు పది యూనిట్లు లాగాలి, గాఢత 5 అయితే ఐదు యూనిట్లు చాలు. ఫార్మసీ మారి గాఢత మారినా పాత అలవాటుతో పది యూనిట్లే లాగితే రెట్టింపు మందు ఒంట్లోకి పోతుంది. కొందరు ఉద్దేశించిన దానికంటే ఐదు నుంచి ఇరవై రెట్లు ఎక్కువగా తీసుకుని, వాంతులతో ఆసుపత్రి పాలయ్యారని 2024 జూలైలో ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. ఈ మందు ఒంట్లో సుమారు నెల రోజులు ఉంటుంది కాబట్టి, పొరపాటున ఎక్కువైతే ఒక పూటలో తగ్గే బాధ కాదు.

ఇదంతా చెప్పిన తరువాత కాంపౌండింగ్ ఫార్మసీలకు దక్కవలసిన గౌరవం కూడా దక్కాలి. కంపెనీల ధరలు దిగిరావడానికి వాటి పోటీ ఒక ముఖ్య కారణమని నేను నమ్ముతున్నాను. 2024 ఆగస్టులో లిల్లీ తన సొంత వెబ్‌సైటు ద్వారా, ఇన్సూరెన్సు ప్రమేయం లేకుండా, జెప్‌బౌండ్ వయళ్లను 2.5 మిల్లీగ్రాముల మోతాదుకు నెలకు 399 డాలర్లకు అమ్మడం మొదలుపెట్టింది. ఆ ధరను 2025 ఫిబ్రవరిలో 349కి, డిసెంబరులో 299కి తగ్గించింది, అప్పటి నుంచి 5 మిల్లీగ్రాములకు 399, అంతకు పై మోతాదులకు 449 డాలర్లు. నోవో 2025 మార్చిలో వెగోవీని నగదు కొనుగోలుదారులకు 499కి, నవంబరులో 349కి దించింది. సొంత డబ్బుతో కొనేవారికి కాస్ట్‌కో ఫార్మసీల్లో వెగోవీ, వాల్‌మార్ట్ కౌంటర్లలో జెప్‌బౌండ్ వయళ్లు తీసుకునే ఏర్పాటు కూడా 2025 చివర్లో వచ్చింది. కొన్నేళ్ల కిందట వెయ్యి డాలర్లకు తక్కువగా అమ్మితే పరిశోధన ఆగిపోతుందని వినిపించిన వాదన, 199 డాలర్ల ప్రకటన రాగానే ఎటు పోయిందో తెలియదు.

కానీ అదే కారణంగా కాంపౌండెడ్ వయల్ కొనడానికి ఉన్న బలమైన కారణం ఇప్పుడు సన్నగిల్లింది. టిర్జెపటైడ్ 15 మిల్లీగ్రాముల మోతాదులో ఉన్న మనిషికి నెలకు 60 మిల్లీగ్రాములు 449 డాలర్లకు వస్తున్నాయి, అంటే మిల్లీగ్రాము ఏడున్నర డాలర్లు. దీనికి దగ్గరగా ఉన్న ధరకు ఆమోదం లేని, గాఢత మనమే లెక్కించుకోవలసిన వయల్ ఎందుకు కొనాలో నాకు అర్థం కాదు. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోవాలి: పై మోతాదులకు ఆ 449 ధర దక్కాలంటే కంపెనీ పెట్టిన 45 రోజుల గడువులోగా తిరిగి కొనాలి. పండక్కి హైదరాబాదు వెళ్లి రెండు నెలలు ఉండిపోయేవారు దీన్ని ముందే చూసుకోవాలి.

అయినా కాంపౌండింగ్ వైపే వెళ్లేవారు కనీసం కలిపేది ఏ ఫార్మసీయో పేరు అడగాలి, ఎందుకంటే వెబ్‌సైటు అమ్మకందారు మాత్రమే, మందు కలిపేది మరొకరు. ఆ ఫార్మసీకి మీ రాష్ట్రంలో లైసెన్సు ఉందో లేదో రాష్ట్ర ఫార్మసీ బోర్డు వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. ముడి మందు సెమాగ్లుటైడేనా, లేక సెమాగ్లుటైడ్ సోడియం వంటి లవణమా అని అడగాలి, ఎందుకంటే ఆ లవణాలు ఆమోదిత మందులో ఉన్న పదార్థం కావని ఎఫ్‌డీఏ చెప్పింది. పార్సిలు ఐసు కరిగి వెచ్చగా చేరితే వాడకుండా ఫోన్ చేయాలి. "పరిశోధనకు మాత్రమే" అని రాసి పొడి రూపంలో అమ్మే వయళ్ల జోలికి మాత్రం పోవద్దు. అవి కాంపౌండింగ్ కూడా కాదు, వాటికి ప్రిస్క్రిప్షన్ లేదు, ఫార్మసిస్టు లేడు, అడిగేవాడూ లేడు.

"ఊరి నుంచి అమ్మావాళ్లు వస్తూ తెస్తే?" అన్నది తరువాతి ప్రశ్న. మౌంజారో భారతదేశంలో 2025 మార్చిలో 2.5 మిల్లీగ్రాముల వయల్ 3,500 రూపాయల ధరతో వచ్చింది, నెలకు నాలుగు వయళ్లు లెక్కవేస్తే 14,000. సెమాగ్లుటైడ్ పేటెంటు అక్కడ 2026 మార్చితో ముగిసే గడువు కావడంతో హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్‌తో సహా పలు భారతీయ కంపెనీలు తయారీకి ముందునుంచే సిద్ధమయ్యాయి. అమెరికాలో మాత్రం ఆ పేటెంటు రక్షణ వచ్చే దశాబ్దం మొదటి వరకు ఉంది. వ్యక్తిగత వాడకానికైనా విదేశం నుంచి మందు తెచ్చుకోవడం చాలా సందర్భాల్లో ఇక్కడి చట్టానికి విరుద్ధమని ఎఫ్‌డీఏ చెబుతోంది. దానికి తోడు, ఫ్రిజ్‌లో ఉండవలసిన మందు దోహా మీదుగా ఇరవై నాలుగు గంటల ప్రయాణంలో సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన ఏ వేడిలో ఉందో చెప్పగలిగేవారు లేరు.

ఇక్కడే ఉంటూ సూది వద్దనుకునేవారికి 2026 జనవరిలో వెగోవీ మాత్ర వచ్చింది. వచ్చినప్పుడు నగదు ధర ప్రారంభ మోతాదుకు నెలకు 149 డాలర్లు, అన్నిటికంటే పై రెండు మోతాదులకు 299. పొద్దున్నే పరగడుపున కొద్దిపాటి నీటితో మింగి, ఆ తరువాత అరగంట వరకు ఏమీ తినకూడదు, తాగకూడదు. ఈ నియమం చెప్పగానే మావాళ్లు ధర మర్చిపోయి, మరి కాఫీ సంగతేమిటని అడుగుతున్నారు. కాఫీ కూడా అరగంట తరువాతే.