కొండవీడు కొండ మీద డబ్బా వేట

మా బావ ఒక ప్లాస్టిక్ డబ్బా తీసుకెళ్ళి కొండవీడు కొండ మీద ఎక్కడో దాచేసి, కోఆర్డినేట్స్ వాట్సాప్ గ్రూపులో పడేసి "దమ్ముంటే పట్టుకోండి" అన్నాడు. అంతే, ఆదివారం పొద్దున్నే గుంటూరు నుంచి బండ్లు తీశాం. జియోకాషింగ్ అంటే తెలీనోళ్ళకి ఒక్క ముక్కలో చెప్తా, ఒకడు డబ్బా దాచి అక్షాంశం రేఖాంశం ఇస్తాడు, మిగతావాళ్ళు జీపీఎస్ పట్టుకుని వెతికి, లోపలున్న కాగితం మీద పేరు రాసి, డబ్బాని మళ్ళీ అక్కడే పెట్టి రావాలి. జనం వాడే జీపీఎస్ సిగ్నల్‌ని అమెరికా కావాలనే చెడగొట్టేది, దాంతో వంద మీటర్ల దాకా తేడా వచ్చేది, 2000 మే నెల మొదట్లో అది ఆపేశారు, ఆపారో లేదో మే 3న ఆరెగాన్‌లో డేవ్ అల్మర్ అనే ఆయన అడవిలో ఒక బకెట్ పెట్టేసి ఇంటర్నెట్‌లో దాని కోఆర్డినేట్స్ చెప్పేశాడు, ఈ ఆట మొదలైంది అలాగే. అందులో ఒక బీన్స్ డబ్బా కూడా ఉందంట. మనోళ్ళైతే ఆవకాయ పెట్టేవాళ్ళు.

నా దగ్గర గార్మిన్ ఈట్రెక్స్ 30ఎక్స్ అనే చేతి జీపీఎస్ సెట్టు ఉంది, రెండు పెన్‌టార్చి సెల్స్‌తో రోజంతా పనిచేస్తది. ఫోనుండగా ఇదెందుకని మా తమ్ముడు ఎప్పుడూ ఎగతాళి చేస్తాడు, వాడు ఓస్మాండ్ యాప్‌లో మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుని వచ్చాడు, అది కూడా సిగ్నల్ లేకపోయినా పనిచేస్తది కాదనను, కానీ ఎండలో ఫోను స్క్రీన్ కనపడదు, వేడెక్కితే బ్రైట్‌నెస్ దానంతటదే తగ్గిపోద్ది. మూడో మిషన్ బాబాయ్‌ది, ఆయన సర్వేలో చేసి రిటైరయ్యాడు. రాత్రే మా ఇంట్లో అన్నీ ముందేసుకుని సెట్టింగులు చూస్తుంటే ఆయన పాత సెట్లో డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు ఏ లెక్కన కొలవాలో చెప్పే సెట్టింగు) ఇంకా ఎవరెస్ట్ అనే పాత లెక్క మీదే ఉంది, పాత టోపో షీట్లతో (సర్వే మ్యాపులతో) పనిచేసినప్పుడు పెట్టుకున్నది. దాన్ని జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84కి మార్చకుండా కొండెక్కితే అవే అంకెలు కొట్టినా వంద మీటర్ల పైనే పక్కకి తీసుకుపోద్ది. ఈ ఆటలో అసలు పని ముందురోజు రాత్రి కంప్యూటర్ ముందే అయిపోద్దని నా నమ్మకం. బేస్‌క్యాంప్ అనే గార్మిన్ మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో పాయింట్ పెట్టుకుని, ఆ పాయింట్ ఉన్న జీపీఎక్స్ ఫైల్ కేబుల్‌తో సెట్లోకి ఎక్కించి, జనం కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తయారుచేసిన ఫ్రీ మ్యాప్ మెమరీ కార్డులో వేసుకుంటే కొండ మీద బుర్ర బద్దలు కొట్టుకునే పనుండదు.

ఇంకో తిరకాసు ఏందంటే బావ ఇచ్చింది తిన్నగా డబ్బా ఉన్న చోటు కాదు. "రాయలవారు కొండవీడు పట్టుకున్న ఏడు, అంకెలన్నీ కూడి, ఉత్తరం చివరి మూడంకెలకి కలపండి" అని రాశాడు (ఉత్తరమంటే ఇక్కడ అక్షాంశం, దాని చివరి మూడంకెలు నిమిషంలో వెయ్యో వంతులు, నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు). 1515, అంటే 12. తమ్ముడు కాదు 1516 అని పట్టుబట్టాడు, సరే వాడి లెక్కన 13. బాబాయ్ నవ్వి "కొట్టుకోకండ్రా, నిమిషంలో వెయ్యో వంతంటే నేల మీద రెండు మీటర్లు కూడా లేదు" అన్నాడు. నిజమే, అక్షాంశంలో ఒక నిమిషం దాదాపు 1.85 కిలోమీటర్లు, అందులో వెయ్యో వంతంటే 1.85 మీటర్లు. చరిత్రలో ఏడాది తప్పినా కొండ మీద తేడా రెండడుగులేస్తే సరిపోద్ది.

పేరేచర్ల దాటి ఫిరంగిపురం దగ్గర టీ తాగి ఎడమకి తిరిగాం. ఘాట్ రోడ్డు బాగుంది, దాని గురించి చెప్పేదేం లేదు. పైన రెడ్డిరాజుల కోట గోడలు, చెరువులు, మండపాలు, ఎటు చూసినా సీతాఫలం చెట్లు. వానలకి ఆకు బాగా దట్టంగా ఉంది, అదే మాకు చిక్కు. ఖాళీ చోట 3 మీటర్ల తేడా ఉండొచ్చని చూపించే సెట్టు చెట్ల కిందికి రాగానే 9, 11 అంటూ పోయింది, డబ్బా ఎటుందో చూపించే బాణం గిరగిరా తిరుగుతోంది. ఇలాంటప్పుడు దాన్నే నమ్ముకుని రెండడుగులు ఇటు రెండడుగులు అటు వేస్తే సాయంత్రం దాకా అంతే. పాతిక మీటర్లు వెనక్కి ఖాళీలోకి పోయి బాణం ఎటు చూపిస్తందో చూసుకుని, మళ్ళీ ఇంకో పక్కనుంచి అదే పని చేసి, ఆ రెండు గీతలూ ఎక్కడ కలుస్తాయో అక్కడ వెతకాలి.

మేం అలా వెనక్కీ ముందుకీ పోతుంటే సీతాఫలాల బుట్టతో వస్తున్న ఒక పెద్దాయన ఆగి చాలాసేపు చూశాడు. "ఏంది బాబూ ఆ మిషను, నిధులకా?" ఆయన అనుమానంలో తప్పేం లేదు, పాత కోటలన్నిట్లో గుప్తనిధులని చెప్పి గోడలు పీకినోళ్ళూ విగ్రహాల కింద తవ్వినోళ్ళూ ఉన్నారుగా, చేతిలో మిషనుతో ముగ్గురు నేల చూస్తూ తిరుగుతుంటే ఇంకేం అనుకుంటాడు. బాబాయ్ సెట్టు ఆయన చేతికిచ్చి "ఇది నేల కిందది చూడదు పెద్దాయనా, ఆకాశంలో ఉపగ్రహాలని చూస్తది" అని స్క్రీన్ మీద ఉపగ్రహాల పేజీ చూపించాడు. ఆయన ఒకసారి పైకి చూసి, ఒకసారి మా మొహాలు చూసి, "మరి డబ్బాలో డబ్బుల్లేవా?" అన్నాడు. లేవంటే మాత్రం అస్సలు నమ్మలేదు, అక్కడే కూచున్నాడు ఏం దొరుకుద్దో చూద్దామని.

బావ మీద ఎన్ని కోపాలున్నా ఈ విషయంలో మెచ్చుకోవాలి, కోట గోడ జోలికి పోలేదు, గోడలో ఒక్క రాయి కదిలించలేదు, తవ్వలేదు. గోడకి దూరంగా, బాటకి నాలుగడుగుల లోపల విడిరాళ్ళ కుప్ప. చివరికి దాన్ని పట్టింది ఏ జీపీఎస్సూ కాదు, బాబాయే. "ఈ రాయికి మట్టి అంటిన వైపు పైకుంది చూడు, ఎవడో తిరగేశాడు" అన్నాడు. కింద డబ్బా, మూత మీద పెద్దక్షరాలతో "ఇది ఆట డబ్బా, భయం లేదు" అని రాసి బావ ఫోన్ నంబరు. అది రాయడం చాలా అవసరం, లేకపోతే ఎవడో పోలీసులకి ఫోన్ చేస్తాడు. లోపల కాగితం, పెన్సిలు (చెమ్మ తగిలిన కాగితం మీద పెన్ను మొరాయిస్తది), తేమ పీల్చే చిన్న పొట్లం, ఒక బొంగరం. తినేవి పెట్టకూడదు, కోతులు డబ్బా సహా పట్టుకుపోతాయి. పేర్లు రాశాం, బొంగరం తీసుకుని కీచైన్ పెట్టాం. పెద్దాయన కాగితం, పెన్సిలు చూసి "దీనికా ఇంతదూరం వచ్చింది" అని లేచి, మా దగ్గర వంద రూపాయల సీతాఫలాలు అమ్మి మరీ కదిలాడు.

ఇంటికొచ్చాక ట్రాక్‌ని (మేం నడిచిన దారిని సెట్టు గీసుకున్న గీతని) బేస్‌క్యాంప్‌లో తెరిస్తే ఘాట్ రోడ్డు దాకా శుభ్రంగా వచ్చిన గీత ఆ చెట్ల కింద పిచ్చిగీతలైపోయింది. అక్కడే సెట్లో యావరేజింగ్ (చాలా రీడింగుల సగటు తీసేది) పెట్టి కాసేపు కదలకుండా ఉంచి తీసిన పాయింటు, బావ ఇచ్చిన పాయింటు మధ్య 8 మీటర్లు వచ్చింది. స్క్రీన్‌షాట్ పెడితే బావ అది మీ సెట్టు తప్పంటాడు, బాబాయ్ నీ ఫోను తప్పంటాడు, ఇంకా తేలలేదు. ఈసారి దాచే వంతు మాది, మంగళగిరి వైపు చూస్తున్నాం, క్లూ మాత్రం లెక్కల్లో వీకైన బావకి తగ్గట్టే పెడతాం.