గుట్ట ఎక్కినా తగ్గని ఎండ

ఈ రోజు సాయంత్రం ఆరు దాటాక మేనల్లుడిని వెంటబెట్టుకొని హనుమకొండ పద్మాక్షి గుట్ట ఎక్కాను. పొద్దు వాలినా బండలు ఇంకా కాలుతూనే ఉన్నాయి. చెప్పులు విడిచిన చోట అరికాలు ఆనించలేక పిల్లవాడు ఒంటికాలిపై గెంతాడు. "మామా, ఊటీ కొండ మీద ఉన్నందుకే చల్లగా ఉంటదన్నవు గదా, మరి ఈ గుట్ట మీద గింత వేడేంది?" అని అడిగాడు.

సబబైన ప్రశ్నే. గాలిని ముఖ్యంగా వేడిచేసేది నేరుగా ఎండ కాదు, ఎండకు కాగిన నేల. నేలను తాకి వేడెక్కిన గాలి పైకి లేచేకొద్దీ ఒత్తిడి తగ్గి, వ్యాకోచించి చల్లబడుతుంది. అందువల్ల కిలోమీటరు ఎత్తుకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయి. ఊటీ మనకన్నా భూమధ్యరేఖకు దగ్గరే అయినా, సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉండడం దానికి కలిసివచ్చింది. వరంగల్ ఎత్తు 270 మీటర్లకు అటూ ఇటూ. ఈ గుట్ట ఎక్కితే తగ్గేది ఒక డిగ్రీ కూడా కాదు, ఆ కాస్తా బండల సెగకే పోతుంది.

అయితే మన ఎండను ఎత్తు ఒక్కదానితో లెక్కగట్టడం నాకు సరిగా తోచదు. విశాఖపట్నం దాదాపు మన అక్షాంశం మీదే, సముద్రమట్టానికి మనకన్నా దిగువనే ఉంది. అయినా ఇక్కడ పగలు 43 డిగ్రీలు దాటే రోజుల్లో అక్కడ ఏడెనిమిది డిగ్రీలు తక్కువ ఉండడం మామూలే. నీరు నేలంత త్వరగా వేడెక్కదు, మధ్యాహ్నం సముద్రం మీది నుంచి గాలి వీస్తుంది. మనకు వీచేది వాయవ్యం నుంచి, ఎండిన భూముల మీదుగా వచ్చే వడగాలి. అక్కడ ఉండే మా చెల్లెలు చెమటకు తాళలేకపోతున్నామని ఫోనులో వాపోయింది. వాళ్ళింట్లో కూలర్ పెట్టినా లాభం లేదట. నీరు ఆవిరైతేనే కూలర్ చల్లదనమిస్తుంది, ఆవిరి కావాలంటే గాలి పొడిగా ఉండాలి. ఆ ఒక్క సుఖం మనకే దక్కింది.

ఆ పొడిదనమే చలికాలంలో మరో రూపం చూపిస్తుంది. ఆదిలాబాద్ ఎత్తు దాదాపు వరంగల్ అంతే. కానీ డిసెంబరు, జనవరి నెలల్లో ఆకాశం నిర్మలంగా ఉండి, నేల వేడి రాత్రికి రాత్రే పైకి పోయి, ఉత్తరపు గాలి తోడైనప్పుడు, ఆ జిల్లాలో 5 డిగ్రీల కన్నా దిగువకు పడిపోయిన సందర్భాలు ఉన్నాయి.