ముందు దించడం, తర్వాతే లేపడం

బండి మీద నిలబడి వీలీ చేయడం, అంటే ముందు చక్రం లేపి వెనక చక్రం మీదే పోవడం, నాకు వచ్చేసిందని చెప్పుకోవాలంటే ఇంకా మొహమాటంగానే ఉంది. మేం ప్రాక్టీస్ చేసే వెంచర్‌లో 30 అడుగుల ప్లాట్లు నాలుగు దాటేదాకా ముందు చక్రం గాల్లో ఉంచగలుగుతున్నా, అంటే 120 అడుగులు, అది కూడా పదిసార్లు లేపితే ఆరుసార్లు. ఈ మాత్రానికే ఇన్‌స్టాలో వీడియో పెడితే "భయ్యా ఎలా నేర్చుకున్నావ్" అని ఇంటర్ పిల్లలు ఒకటే మెసేజ్‌లు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

ముందు నా ఘనకార్యం చెప్పాలి. ఇంజనీరింగ్ సెకండియర్‌లో, బైపాస్ పక్కన, ఫ్రెండ్ బండి మీద, నెత్తిన హెల్మెట్ కూడా లేకుండా, సీటు మీద కూర్చునే మొదటి వీలీ ట్రై చేశా. ఫస్ట్ గేర్‌లో గట్టిగా రేజ్ చేసి క్లచ్ టక్కున వదిలేశా. బండి లేచింది. లేవగానే భయమేసి హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నా, వెనక్కి వాలుతూ అలా పట్టుకుంటే మణికట్టు వంగి యాక్సిలేటర్ ఇంకాస్త తిరుగుతుంది, అది తిరిగిన కొద్దీ బండి ఇంకా లేస్తుంది. రెండు సెకన్లు కూడా పట్టలేదు, బండి వెనక్కి తిరగబడింది, నేను తారు రోడ్డు మీద కూలబడ్డా. దెబ్బ సరిగ్గా తోక ఎముకకి. నెలన్నర పాటు మధ్యలో చిల్లున్న గాలి దిండు వేసుకుని క్లాసులో కూర్చున్నా. అమ్మకి మెట్ల మీద జారిపడ్డానని చెప్పా, నమ్మింది కూడా, కానీ టెయిల్ లైట్ డబ్బుల కోసం ఆ ఫ్రెండ్‌గాడు ఇంటికే వచ్చేశాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు వీలీ జోలికి పోలేదు. 2014 మోడల్ సెకండ్ హ్యాండ్ డ్యూక్ 200 కొన్నాక, దానికి చైన్ వేయించడానికి వెళ్ళిన షెడ్డులో మెకానిక్ అన్న ఒకప్పుడు షోలలో స్టంట్లు చేసేవాడని తెలిసింది. నేర్పమని బతిమాలా. "లేపడం ఎవడైనా లేపుతాడు తమ్ముడూ, దించడం వచ్చా నీకు?" అన్నాడు.

ఆయన దగ్గర మొదటి రెండు ఆదివారాలు నేను చక్రం అంగుళం కూడా లేపలేదు. ఫుట్‌రెస్ట్‌ల మీద నిలబడి, నెమ్మదిగా పోతూ, వెనక బ్రేక్ తొక్కడం, వదలడం. అంతే. చిన్నపిల్లాడిచేత ఓనమాలు దిద్దించినట్టు దిద్దించాడు. నాకు మండింది గానీ, ఇప్పుడు చూస్తే మొత్తం విద్యలో సగం అదే. ముందు చక్రం గాల్లో ఉన్నప్పుడు ముందు బ్రేక్ పనికిరాదు. వెనక బ్రేక్ తొక్కితే వెనక చక్రం వేగం తగ్గుతుంది, పైనున్న బరువు ముందుకి తూలుతుంది, ముక్కు కిందికి దిగుతుంది. ఎంత పైకి లేచినా, నిటారుగా అయిపోతున్నా, బండిని కిందికి లాగే తాడు అదొక్కటే.

క్లచ్ నొక్కితే దిగదా అని నేనూ అడిగా. బండి లేచిన కొద్దీ ఒక ఎత్తు దగ్గర ఉన్నట్టుండి తేలికైపోతుంది, దాన్నే బ్యాలెన్స్ పాయింట్ అంటారు. దానికి ఇవతల క్లచ్ నొక్కితే చక్రం ధబ్బున పడుతుంది, ముందు షాకబ్జార్ల ఆయిల్ సీల్స్ కారతాయి, అంతటితో సరి. కానీ అది దాటాక కంగారులో క్లచ్ నొక్కామంటే ఇంజన్ పట్టు పూర్తిగా పోతుంది, వెనక బ్రేక్ తప్ప బండిని ఆపేది ఏదీ ఉండదు. భయమేస్తే చెయ్యి తనంతట తాను చేసేది మాత్రం సరిగ్గా ఆ పనే. అందుకే కాలికి అంత డ్రిల్లు.

నిలబడే ఎందుకంటే, ఒకటి, బరువు పైకీ వెనక్కీ పోతుంది కాబట్టి తక్కువ స్పీడులో తక్కువ రేజ్‌కే బండి లేస్తుంది. రెండోది నా తోక ఎముకకి బాగా తెలుసు. కూర్చుని తిరగబడితే పడేది దాని మీదే. నిలబడి ఉంటే బండి చెయ్యి దాటిపోయినప్పుడు హ్యాండిల్ వదిలేసి వెనక్కి దిగి నాలుగు అడుగులు పరిగెత్తొచ్చు. బండి మీద ప్రేమతో పట్టుకుని వేలాడకూడదు.

కుడికాలు రైడర్ ఫుట్‌రెస్ట్ మీదే, పాదం ముందు భాగం బ్రేక్ పెడల్‌కి ఆని ఉండాలి. అలా ఆనేలా పెడల్ ఎత్తు ముందే సెట్ చేయించుకోవాలి. ఎడమకాలు వెనక కూర్చునేవాళ్ళ ఫుట్‌రెస్ట్ మీద. అంటే ఇక గేరు మార్చే పని లేదు, ఫస్ట్ గేర్‌లోనే, గంటకి 15–20 కిలోమీటర్ల స్పీడులో. మోకాళ్ళు వంచి బండిని ఒక్కసారి కిందికి నొక్కితే సస్పెన్షన్ దిగుతుంది, అది తిరిగి పైకొచ్చే క్షణంలో కొంచెం రేజ్ ఇచ్చి, ఒకటి రెండు వేళ్ళతో పట్టుకున్న క్లచ్ వదలాలి. ఉయ్యాల ఊపడం లాంటిదే, టైమింగ్ కుదిరితే చిన్న తోపు చాలు, కుదరకపోతే ఎంత బలం పెట్టినా దండగే. నాకు అది కుదరడానికి మూడు వారాలు పట్టింది. మొదట్లో ఒక అడుగు ఎత్తే. అవసరం లేకపోయినా ప్రతిసారీ బ్రేక్ తాకించే దించాలి, అన్న పక్కన నిలబడి మరీ లెక్కపెట్టేవాడు, ఒక్కసారి తాకించకపోతే ఆ రోజుకి బండి తాళం ఆయన జేబులోకి పోయేది.

ఇదంతా రోడ్డు మీద కాదు బాబులూ. ఫ్రెండ్ వాళ్ళ బాబాయి వేసిన వెంచర్, ప్లాట్లు అమ్ముడుపోలేదు, లోపల 40 అడుగుల రోడ్లు, ఒకటే గేటు, అది మూయించాకే బండి స్టార్ట్ చేస్తాం. పబ్లిక్ రోడ్డు మీద చేస్తే మోటారు వాహనాల చట్టం 184 సెక్షన్ ఉంది, జైలు దాకా పోతుంది. బండి తోలింది మైనర్ అయితే 199ఏ కింద తల్లిదండ్రులకో, బండి ఓనర్‌కో 25,000 ఫైను, మూడేళ్ళ దాకా శిక్ష. 2023లో చెన్నై–బెంగళూరు హైవే మీద వీలీ చేయబోయి పడ్డ యూట్యూబర్‌కి చేయి విరిగింది, జైలుకెళ్ళాడు, లైసెన్స్ పదేళ్ళు రద్దయింది. అవన్నీ పక్కన పెట్టినా, రోడ్డు మీద మన బండి పడితే ఎదురుగా వచ్చేది ఎవరో ముసలాయన టీవీఎస్ ఎక్సెల్.

ఫుల్ ఫేస్ హెల్మెట్, గ్లౌజులు, మోకాలి గార్డులు, వీపు గార్డు, చీలమండ దాటే బూట్లు. ఇవి లేకుండా వస్తే అన్న తిట్టడు, మాట్లాడకుండా షెడ్డుకి వెళ్ళిపోతాడు.

కొత్త బండ్లవాళ్ళకి ఒక మాట. బ్రేక్ వేస్తే చక్రం జామ్ కాకుండా చూసే ఏబీఎస్ వెనక చక్రానికి కూడా ఉంటే గాల్లో ఉన్నప్పుడు బ్రేక్ ఎలా పని చేస్తుందో అది తెలిసిన మెకానిక్‌ని అడిగాకే మొదలుపెట్టండి. నా బండికి ఏబీఎస్సే లేదు, ఆ తలనొప్పి తప్పింది. వేరే తలనొప్పులున్నాయి లెండి, నాలుగు నెలల్లో హ్యాండిల్ కింద ఉండే బేరింగులు, అదే కోన్ సెట్, పోయింది, క్లచ్ ప్లేట్లు మార్పించా, చైన్ రెండుసార్లు టైట్ చేయించా. పొద్దున లేవగానే ఆయిల్ లెవెల్ చూడటం అలవాటైపోయింది, ముక్కు పైకి ఉంటే ఆయిలంతా వెనక్కి పోతుంది కదా.

పోయిన ఆదివారం మూడో ప్లాటు హద్దురాయి దగ్గర కొంచెం ఎక్కువ రేజ్ ఇచ్చేశా. హ్యాండిల్ ఛాతీ మీదికొచ్చింది, ఎదురుగా రోడ్డు కనబడలేదు, ఆకాశం ఒక్కటే. అయిపోయింది అనుకునేలోపే ముందు చక్రం నేల మీద ఉంది. బ్రేక్ తొక్కినట్టు నాకు గుర్తు కూడా లేదు. బండి ఆపి స్టాండ్ వేద్దామంటే కాళ్ళు వణుకుతున్నాయి. అన్న దూరం నుంచి బొటనవేలు కూడా ఎత్తలేదు, "ఇందాకటి నుంచి ఎన్ని? పదిహేడా, పద్దెనిమిదా?" అన్నాడు.