మంజూరూ, ఆంక్షా: ఒకే మాట

1998 జూన్‌లో బడి తెరిచిన తొలివారంలో, ప్రార్థన తరువాత ఇంగ్లీషు దినపత్రికలోని ఒక ముఖ్యవార్తను చదివి దానిని తెలుగులో చెప్పే వంతు నాకు వచ్చింది. అప్పుడే పదో తరగతిలో అడుగుపెట్టాను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివే మాకు ఇంగ్లీషు అంటే వాచకమూ, గ్రామరు నోటుపుస్తకమూ మాత్రమే కనుక ముందురోజు సాయంత్రమే ఇంగ్లీషు మాస్టారి దగ్గర పత్రిక అడిగి తీసుకుని, ఇంట్లో లాంతరు ముందు కూర్చుని నాలుగుసార్లు చదువుకున్నాను. మే 11, 13 తేదీలలో పోఖ్రాన్‌లో మన దేశం అణుపరీక్షలు జరిపినందుకు అమెరికా ప్రకటించిన ‘శాంక్షన్స్’ గురించిన వార్త అది.

ఆ మాట ఒక్కటీ నాకు కొత్తది కాదు. సార్వాకు నారుమళ్లు పోసే ఆ రోజుల్లో మా గోదావరి డెల్టా పల్లెలో ఏ అరుగు మీద విన్నా అదే మాట. “సొసైటీలో లోను శాంక్షనయిందా?” అని అమ్మ అడిగేది, “రేపో మాపో అవుతుందట” అని నాన్న చెప్పేవారు. అందువల్ల మరునాడు బడి ఆవరణలో నిలబడి, అణుపరీక్షలు జరిపిన భారతదేశానికి అమెరికా నిధులు మంజూరు చేసిందని గట్టిగా, ఎక్కడా తడబడకుండా చెప్పాను.

మాస్టారు అక్కడ ఏమీ అనలేదు. అంతమంది ముందు ఒక పిల్ల చెప్పినదాన్ని కొట్టివేయడం ఆయన పద్ధతి కాదు. మూడో పీరియడులో తరగతికి వచ్చి, వాచకం తెరవకుండానే నల్లబల్ల మీద ఆ మాట పెద్ద అక్షరాలతో రాసి, “పొద్దున్న నువ్వు చెప్పిన అర్థం దీనికి ఉన్నదేనమ్మా, కానీ ఆ వార్తలో ఉన్నది అది కాదు” అన్నారు. మాట కింద ఒక పక్క ‘మంజూరు’ అనీ, మరో పక్క ‘ఆంక్ష’ అనీ రాశారు. ఇవ్వడానికీ, ఇవ్వకుండా ఆపడానికీ ఒకే మాట ఎలా సరిపోతుందో మాకు బోధపడలేదు.

దీనికి మూలం లాటిన్ భాషలో ఉందని ఆయన చెప్పారు. ఒకదాన్ని పవిత్రమైనదిగా ప్రకటించి, ఎవరూ మీరరాని కట్టుబాటుగా స్థిరపరచడం ఆ ధాతువుకు అర్థమట; సాధుపురుషుణ్ణి ‘సెయింట్’ అనడమూ, ఆశ్రయమిచ్చే పవిత్రస్థలాన్ని ‘శాంక్చువరీ’ అనడమూ అక్కడి నుంచే వచ్చాయట. కట్టుబాటును స్థిరపరిచేవాడు దానికి ఆమోదముద్ర వేస్తాడు; దాన్ని మీరినవాడికి ఏం జరుగుతుందో కూడా అందులోనే రాస్తాడు. ఆమోదం ఒక అర్థంగా, మీరితే పడే దండన మరో అర్థంగా నిలిచాయి. ఇంత చెప్పినా మా ముఖాలు తేటపడకపోవడం చూసి, ఆయన గుమ్మం దాకా వెళ్లి పక్క తరగతిలో పాఠం చెబుతున్న తెలుగు పండితులవారిని పిలిచారు.

ఆ పది నిమిషాలూ నేను ఇప్పటికీ మరిచిపోలేదు. విషయం విన్న పండితులవారు సుద్దముక్క అందుకుని, ఆ ఇంగ్లీషు మాట పక్కనే ‘శాస్’ అని ఒక్క ధాతువు రాశారు. దాని నుంచి గీతలు లాగుతూ శాసనం, శాస్త్రం, శాస్తి, శిష్యుడు అని రాసుకుంటూ పోయారు. “శాసనసభ చేసేది శాసనం. దాన్ని మీరినవాడికి జరిగేది శాస్తి. ‘తగిన శాస్తి జరిగింది’ అని మీ నాయనమ్మ అనదూ?” అన్నారు. తరువాత, “మీ హిందీ పుస్తకంలో శిక్ష అంటే చదువు. మన తెలుగులో శిక్షణ అంటే నేర్పడం, శిక్ష అంటే దండన. మన ఇంట్లోనే ఉన్న వింత ఇంగ్లీషు వాళ్ల ఇంట్లో ఉంటే ఆశ్చర్యమెందుకు?” అని అడిగి వెళ్లిపోయారు. పరభాషలో ఒక మాట చిక్కుపడితే దాని ముడి విప్పే కొస ఒక్కొక్కసారి సొంతభాషలోనే దొరుకుతుందని నాకు ఆ రోజు తెలిసింది. ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నది ప్రధానంగా ఆ సంగతి చెప్పడానికే.

ప్రయోగం మాత్రం మాస్టారే నేర్పారు. క్రియగా వచ్చినప్పుడు దేన్ని శాంక్షన్ చేశారని అడగాలన్నారు. అప్పు, సెలవు, ఉద్యోగం, ఎస్టిమేటు అని జవాబు వస్తే అది మంజూరు. దేశమో మనిషో సంస్థో అని వస్తే అది దండన. నామవాచకమై బహువచనంలో వచ్చి, ముందు ‘ఇంపోజ్’ గానీ ‘లిఫ్ట్’ గానీ, వెనుక ‘ఆన్’ గానీ ‘అగెనెస్ట్’ గానీ ఉంటే అవి ఆంక్షలేనని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. ఏకవచనంలో నిలిచి, ‘వితవుట్ ది శాంక్షన్ ఆఫ్’ వంటి పదబంధంలో ఇమిడితే అది చాలావరకు అనుమతి. ఒక్కొక్కరం ఆరేసి వాక్యాలు రాసి తెచ్చేదాకా ఆయన తరువాతి పాఠానికి పోలేదు.

ఆ నెలాఖరులోనే మరో వార్త వచ్చింది. అణుపరీక్షల కారణంగా భారతదేశానికి ఇవ్వవలసిన కొన్ని రుణాలను వాయిదా వేసిన ప్రపంచ బ్యాంకు, మన ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణ ప్రాజెక్టుకు 54 కోట్ల డాలర్లకు పైబడిన సాయాన్ని ఆమోదించింది. మాస్టారు ఆ పత్రిక తెచ్చి నా చేతికిచ్చి, “ఇప్పుడు చెప్పమ్మా” అన్నారు. శాంక్షన్స్ ఉండగానే లోను శాంక్షనయిందని చెప్పాను. చెబుతూ ఉండగానే రెండు అర్థాలూ నా నోట విడివిడిగా పలికినట్టు తోచింది. ఆయన తల ఊపి పత్రిక మడిచి పెట్టుకున్నారు. మా సొసైటీ లోను కూడా ఆ వారమే వచ్చింది.

తరువాతి కాలంలో నేను ఇంజనీరింగు శాఖ కార్యాలయంలో గుమాస్తాగా చేరాను. అడ్మినిస్ట్రేటివ్ శాంక్షన్, టెక్నికల్ శాంక్షన్ అంటూ రోజంతా ఆ మాటతోనే పని. మన కార్యాలయాలలో దీనికి ఉన్నంత మన్నన మరే ఇంగ్లీషు మాటకూ లేదేమో. బయటి దేశాల పత్రికలు చదివినప్పుడు మాత్రం ఎక్కువగా కనబడేది రెండో అర్థమే. 2022లో రష్యాపై ఆంక్షల వార్తలు వెల్లువెత్తినప్పుడు, మా కార్యాలయంలో కొత్తగా చేరిన ఒక అబ్బాయి ఆ శీర్షిక చూపించి, రష్యాకు ఏం మంజూరైందని నన్ను అడిగాడు. నేను చిత్తుకాగితం మీద ముందుగా రాసింది ‘శాస్’ అనే ధాతువునే.

2001 సెప్టెంబరు 22న అమెరికా మన దేశంపై పెట్టిన ఆ ఆంక్షలను ఎత్తివేసినప్పుడు నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. మరునాడే మాస్టారికి ఇంగ్లీషులో ఒక కార్డు రాశాను. పది రోజులకు ఆయన జవాబు వచ్చింది. ‘శాంక్షన్స్ వర్ లిఫ్టెడ్’ అన్న నా వాక్యాన్ని తన చేతితో మళ్లీ రాసి, బహువచనాన్ని సూచించే చివరి అక్షరం కింద ఎర్రసిరాతో ఒక గీత గీసి, దాని పక్కన తెలుగులో “బాగుందమ్మా” అని రాశారు.