కాలీపూర్ ఇసుకలో పన్నెండు రాత్రులు

బ్యాగులో చెనిక్కాయల పొడి డబ్బా సర్దుతూ అమ్మ నాలుగోసారి అడిగింది, "సముద్రం మీద మూడు రోజులా?" అని. తిరుపతిలో పుట్టి పెరిగిన నాకు సముద్రమంటే ఎప్పుడో చెన్నై వెళ్లినప్పుడు మెరీనాలో కాళ్లు తడుపుకోవడం, అంతే. బోటనీ డిగ్రీ రెండో ఏడాది ఫిబ్రవరిలో మా కాలేజీ నుంచి పదకొండు మందిమి ఒడ్డున చెత్త ఏరడానికి, సముద్రపు తాబేళ్ల గుడ్లు కాపాడడానికి వాలంటీర్లుగా అండమాన్ బయల్దేరాం. ఓడలో మొదటి రోజంతా తల తిరుగుడే. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నారు) చేరాక, ఉత్తరాన ఉన్న డిగ్లీపూర్‌కు మళ్లీ రోజంతా బస్సు. దారిలో జరావాలనే ఆదివాసుల అడవి. అక్కడ బండ్లను గుంపుగా పంపుతారు, ఆపకూడదు, ఫొటోలు తీయకూడదు. ఫోన్లన్నీ సంచుల్లో పెట్టేశాం.

కాలీపూర్ డిగ్లీపూర్‌కు దగ్గరలోనే ఉంది. ముదురు బూడిద రంగు ఇసుక. ఒకవైపు సముద్రం, వెనక శాడిల్ పీక్ కొండ. ద్వీపాల్లోకెల్లా ఎత్తైన కొండ అదే, 732 మీటర్లు.

మొదటి నాలుగు రోజులు ఆ కొండ దారిలో, ఒడ్డున ప్లాస్టిక్ ఏరాం. ఒక సీసా మీద గుండ్రటి అక్షరాలు చూసి తెలుగే అనుకుని పరుగెత్తుకెళ్లాను. అది బర్మా లిపి. థాయ్ అక్షరాల సీసాలు కూడా దొరికాయి. అవతలి దేశాల చెత్త అలల మీద ఇక్కడిదాకా వస్తోంది. పొద్దున ఏరిన చోటే సాయంత్రానికి మళ్లీ కొత్త సీసాలు. ఏడుపొచ్చింది.

అడవిలో ఒకచోట నేల మీద ఒక కాయ కనిపించింది. బిళ్లలా గుండ్రంగా ఉంది, చుట్టూ పలచటి రెక్క, మధ్యలో గింజ ఉబ్బు. చేతిలోకి తీసుకోగానే గుండె ఝల్లుమంది. మామండూరు అడవిలో తాత చూపించిన ఎర్రచందనం కాయ సరిగ్గా ఇలాగే ఉంటుంది! తలెత్తి చూస్తే, నేలకు దగ్గర గోడల్లా విచ్చుకున్న వేర్లతో కొమ్మలు కూడా సరిగా కనపడనంత ఎత్తు చెట్టు. అది అండమాన్ పడౌక్. ఎర్రచందనం, పడౌక్, మన యేగి చెట్టు, మూడూ టెరోకార్పస్ అనే ప్రజాతివే. ఆ పేరుకు అర్థమే రెక్క ఉన్న కాయ. వాన తక్కువైన మా శేషాచలం రాళ్లలో మామూలు ఎత్తుకు ఆగిపోయే చెట్టుకు, ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే చోట ఇంత పెద్ద చుట్టముందన్నమాట. పుస్తకంలో ఎన్నోసార్లు చదివాను. చేత్తో పట్టుకున్నాకే నమ్మకం కుదిరింది.

రాత్రిళ్లు తాబేళ్ల పని. కాలీపూర్‌లో నాలుగు రకాల సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. మేం చూసింది ఆలివ్ రిడ్లీలను. తెల్ల లైటు వేస్తే బెదిరి వెనక్కి పోతాయని టార్చీలకు ఎర్ర కాగితం చుట్టుకుని నడిచేవాళ్లం. జాడ ఎలా పట్టాలో ఫారెస్టు వాచర్ నేర్పారు. ఆయనను అందరూ దాదా అనేవాళ్లు. ఇసుక మీద చిన్న ట్రాక్టరు వెళ్లినట్టు గీతలుంటాయి, అవి ఎక్కడ ఆగితే అక్కడే గూడు. ఒక్కో గూట్లో నూరుకు పైనే గుడ్లు. పెట్టిన కాసేపటికే తీసి, కంచె వేసిన హేచరీలో (గుడ్లు పిల్లలయ్యేదాకా కాపాడే చోటు) మూర లోతు గుంట తవ్వి మళ్లీ పాతాలి. ఆలస్యమై గుడ్డు తిరగబడిందంటే లోపలి పిండం బతకడం కష్టం. గుడ్లున్న సంచి పట్టుకుని చీకట్లో నడుస్తుంటే చేతులు వణికేవి. ఇసుక వేడిని బట్టే పిల్ల ఆడో మగో తేలుతుంది, వేడి పెరిగితే ఆడవే ఎక్కువ పుడతాయి. అందుకే హేచరీ మీద నీడ ఎంత వేయాలన్న దాని మీద కూడా అక్కడ చర్చ జరిగేది.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున పిల్లలు బయటికొచ్చాయి. అరచేతిలో సగం కూడా లేవు. నీటికి కాస్త దూరంలో వదిలితే వాటంతట అవే వెళ్లాయి. ఒకటి మాత్రం వెనకబడి తిరగబడింది, కాళ్లు కొట్టుకుంటోంది. తట్టుకోలేక తీసుకెళ్లి నీళ్లలో వదిలాను. దాదా కోప్పడలేదు, మెల్లగా చెప్పారు. "తిరగబడితే సరిచేసి వదిలెయ్ బేటీ. దాని నడక దాన్నే నడవనీ." ఆ నడకలోనే అవి తాము పుట్టిన తీరాన్ని గుర్తుపెట్టుకుంటాయని, పెద్దయ్యాక ఆ ప్రాంతానికే వస్తాయని అంటారు. నేను ఎత్తుకెళ్లిన ఆ పిల్లకు తీరం గుర్తుంటుందో లేదోనని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మాకు వండిపెట్టిన అక్కది తెలుగే. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్‌లో పదిమందిలో ఒకరికి పైగా తెలుగువాళ్లు. "మా తాత చేపల వేటకని శ్రీకాకుళం నుంచొచ్చి ఇక్కడే ఉండిపోనాడు" అంది. నా చెనిక్కాయల పొడి రుచి చూసి, "ఏటమ్మా, ఇంత కారం తింటారా మీరు!" అంటూనే డబ్బా సగం ఖాళీ చేసింది. మిగతా సగం ఆమెకే ఇచ్చేసి వచ్చాను.

"మీ ఊరి సముద్రంలో తాబేళ్లు లేవా?" అని చివరి రోజు దాదా అడిగితే, మాది కొండ ఊరు అన్నాను. అది తప్పని ఇంటికొచ్చాక తెలిసింది. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక మా తిరుపతి జిల్లాకు తీరం కూడా ఉంది. వాకాడు మండలం తూపిలిపాళెం ఒడ్డుకూ ఈ ఆలివ్ రిడ్లీలే వస్తాయి.

ఈ జనవరిలో నలుగురం వెళ్లాం, ఎర్ర కాగితం చుట్టిన టార్చీలు పట్టుకుని. ముందు చచ్చిన తాబేలు ఒకటి కనిపించింది. వలలో చిక్కుకున్న తాబేళ్లు ఊపిరికి పైకి రాలేక చనిపోతాయి. దీన్ని ఏం చంపిందో చెప్పలేను గానీ, దాని పక్కన చాలాసేపు నిలబడిపోయాం. ఇంకో కిలోమీటరు నడిచాక ఇసుక మీద ఆ గీతలు, చిన్న ట్రాక్టరు వెళ్లినట్టు. టార్చి ఆర్పేసి అక్కడే కూర్చున్నాం.